రెడీమేడ్ ఎగ్జాస్టా, చేయించుకునేదా?

ప్రశ్న: నాది 2 లీటర్ల టర్బో పెట్రోల్ కారు, నాలుగు సిలిండర్లు. ఇంజన్ జోలికి వెళ్లలేదు. స్ప్రింగులు మార్చి కాస్త కిందికి దించానంతే. ఇప్పుడు ఎగ్జాస్ట్ (పొగ బయటికి పంపే పైపులు, సైలెన్సర్) మార్చాలనుంది. నా మోడల్‌కి రెడీమేడ్ సెట్ దొరుకుతోంది. వెల్డింగ్ తెలిసిన స్నేహితుడేమో ‘కొనడం దండగ, 3 అంగుళాల పైపుతో నేనే చేసిపెడతాను, పవర్ కూడా పెరుగుతుంది’ అంటున్నాడు. రోజూ ఆఫీసుకి ఇదే కారు. అప్పుడప్పుడు ట్రాక్ మీదికీ తీసుకెళ్తాను. ఏం చేయమంటారు?

జవాబు: రెడీమేడ్ సెట్ కొనండి. ఇంజన్ జోలికి వెళ్లలేదన్నారు చూడండి, ఆ ఒక్క మాటతోనే ఈ సలహా ఇస్తున్నాను. టర్బో కంపెనీదే, గేర్‌బాక్స్ కంపెనీదే, కింద పైపు వెళ్లే దారి కూడా అదే. పేరున్న తయారీదారులు అలాంటి కారునొకదాన్ని దగ్గర పెట్టుకుని కొలతలు తీసి, ఫిక్స్చర్ (పైపుల్ని సరైన చోట పట్టి ఉంచే చట్రం) కట్టి, ఇంజన్ వేర్వేరు వేగాల్లో తిరుగుతుండగా శబ్దం విని, సైలెన్సర్ లోపలి అమరిక మార్చి మళ్లీ విని, ఆ తర్వాతే అమ్మకానికి పెడతారు. ఒక్క కారు కోసం ఇంత చేయడం ఎంత పనిమంతుడికైనా కష్టం.

ఇక 3 అంగుళాల సంగతి. 2.5 అంగుళాల పైపుతో పోలిస్తే దీని వైశాల్యం 44 శాతం ఎక్కువ. టర్బో దాటాక దారి ఎంత విశాలంగా ఉంటే టర్బైన్‌కి, అంటే పొగ తోపుకి తిరిగే టర్బోలోని చక్రానికి, అంత మేలన్నదీ నిజమే. కానీ మీలాంటి కార్లలో పొగ ఎక్కువగా ఇరుక్కునేది టర్బో నుంచి పొగని కిందికి తీసుకెళ్లే డౌన్‌పైపు, దాన్ని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ల దగ్గర. కన్వర్టర్ వెనక భాగం మాత్రమే మారిస్తే గొంతు మారుతుంది, కొంత బరువు తగ్గవచ్చు, పవర్ మాత్రం కొద్దిగానే పెరుగుతుంది. కన్వర్టర్‌నే పీకేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌ని, నైట్రోజన్ ఆక్సైడ్లని ఆపేది అదే. రోడ్డు మీద తిరిగే కారుకి దాన్ని తీసేయడం చాలా దేశాల్లో నేరం కూడా.

మీ స్నేహితుడు పైపు ఎలా వంచుతాడో అడిగారా? బయటినుంచి నొక్కి వంచే మెషిన్ అయితే వంపు దగ్గర పైపు అణిగిపోతుంది. 3 అంగుళాలని పేరే గానీ అక్కడ దారి ఇరుకైపోతుంది. లోపల మ్యాండ్రెల్ (పైపు అణగకుండా ఆపే దిమ్మ) పెట్టి వంచితే గుండ్రం చెడదు. ఆ మెషిన్ లేనివాళ్లు మ్యాండ్రెల్ బెండ్లు విడిగా కొని, కావలసిన కోణంలో కోసి అతుకుతారు. అదీ మంచి పద్ధతే.

కొనేముందు మోడల్ పేరు కలిసింది కదా అని ఊరుకోకండి. స్టీరింగ్ కుడివైపా ఎడమవైపా అన్నది ముఖ్యం. డౌన్‌పైపు, హెడర్ల (సిలిండర్ల నుంచి వచ్చే పొగని ఒకచోట కలిపే పైపుల) లాంటివి స్టీరింగ్ షాఫ్ట్‌కి తగిలేది అక్కడే. నాలుగు చక్రాలకీ డ్రైవ్ ఉన్న రకమైతే వెనక చక్రాల మధ్యనుండే డిఫరెన్షియల్ గేర్ల పెట్టె చుట్టూ దారి వేరుగా ఉంటుంది. బంపర్‌లో టిప్ (పైపు బయటికి కనిపించే కొస) వచ్చే చోటూ చూసుకోండి. లోహం ఏమిటో అడిగి తెలుసుకోండి. 409 స్టెయిన్‌లెస్ మీద పైపైన తుప్పు పడుతుంది, కానీ చాలాకాలం నిలుస్తుంది. కంపెనీలు కార్లకి పెట్టేది చాలావరకు ఈ రకాన్నే. 304 రకం స్టెయిన్‌లెస్‌లో దాదాపు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. తడికీ ఉప్పుకీ బాగా తట్టుకుంటుంది. అయితే వేడికి ఎక్కువ సాగుతుంది. మీటరు పొడవున్న 304 పైపు 500 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 9 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు బాడీకి ఆనీ ఆనకుండా బిగించిన పైపు, వేడెక్కాక టకటకమని కొట్టుకుంటుంది.

మీ కారు దించారు కాబట్టి రెడీమేడ్ సెట్‌లో ఒకచోట పైపు నేలకి మరీ దగ్గరగా రావచ్చు. ఆ ముక్క ఒక్కటీ కోసి, పైకి ఎత్తి అతికే పని మీ స్నేహితుడికి ఇవ్వండి. నాకు అన్నిటికంటే ఇష్టమైన పద్ధతి ఇదే: కొన్న సైలెన్సర్, ఆ కారు కోసమే చేత్తో కలిపిన పైపు.

రేపు పెద్ద టర్బో పెట్టినా, వేరే ఇంజన్ బిగించినా నా జవాబు మారిపోతుంది. అప్పుడు రెడీమేడ్ సెట్ చాలావరకు సరిపోదు, చేయించుకోవాల్సి వస్తుంది. పనిచేసేవారిని ఎంచుకునేటప్పుడు వాళ్లు చేసిన అతుకు లోపలివైపు చూపించమనండి. బయట చేపపొలుసుల్లా అందంగా కనిపించే వెల్డింగ్ కూడా, లోపలికి గాలి తగలకుండా ఆర్గాన్ వాయువు పంపకుండా చేస్తే నల్లగా, గరుకుగా పొక్కులు కడుతుంది. తర్వాత పగుళ్లు అక్కడే మొదలవుతాయి. శుభ్రంగా చేసిన అతుకును వేలితో తడిమితే నాకు ఇప్పటికీ ఎంతో సంతోషంగా ఉంటుంది. ఇంజన్ ఊగుతుంది కనుక ఫ్లెక్స్ జాయింట్ (వంగే గుణమున్న పైపు ముక్క) తప్పనిసరి. గేర్‌బాక్స్ దించాల్సి వస్తే మొత్తం విప్పనవసరం లేకుండా వి-బ్యాండ్ క్లాంపులు (రెండు పైపుల్ని కలిపి పట్టే, సులువుగా విప్పే పట్టీలు) పెట్టమనండి. పొగలో ఆక్సిజన్‌ని కొలిచే ఆక్సిజన్ సెన్సర్ బిగించే బొడిపె అడ్డంగా ఉండకూడదు, కనీసం 10 డిగ్రీలు పైకి వాలి ఉండాలి. లేకపోతే చల్లని పైపులో చేరిన నీరు సెన్సర్‌ని పాడుచేస్తుంది. కారు మీదే వెల్డింగ్ చేస్తుంటే ముందు బ్యాటరీ నెగటివ్ తీయించండి.

ప్రశ్న: చేయించుకున్న ఎగ్జాస్ట్ బాగానే ఉంది. కానీ హైవే మీద సరిగ్గా 3000 ఆర్‌పీఎం దగ్గర లోపల ‘హూఁ’ అని తల పగిలిపోతోంది. నాలుగు సిలిండర్లే. సైలెన్సర్ మార్చాలా?

జవాబు: తొందరపడకండి. నాలుగు సిలిండర్ల ఇంజన్ 3000 దగ్గర సెకనుకి 100 సార్లు మండుతుంది. మిమ్మల్ని వేధిస్తున్నది ఆ 100 హెర్ట్జ్ హోరే. మెయిన్ పైపుకి పక్కగా, చివర మూసిన ఒక గొట్టాన్ని అతికిస్తే, దాని పొడవు ఆ శబ్దతరంగంలో నాలుగో వంతు ఉన్నప్పుడు, లోపలికి వెళ్లి తిరిగొచ్చిన తరంగం ఎదురొచ్చే తరంగాన్ని చంపేస్తుంది. మీ హోరుకి సుమారు ఒక మీటరు కావాలి. లోపలి వాయువు ఎంత వేడిగా ఉంటుందో దాన్నిబట్టి కొంత అటూ ఇటూ అవుతుంది. కాబట్టి కాస్త పొడుగ్గా పెట్టించి, నడిపి చూసి, కోసి సరిచేయించండి. చోటు లేకపోతే గొట్టాన్ని వంచి తిప్పినా పనిచేస్తుంది. చేయించుకున్న పైపుకి ఉన్న గొప్ప సౌకర్యం ఇదే, మీ కారు హోరుకి తగ్గ మందు మీ కారుకే వేయొచ్చు.

ప్రశ్న: పైపు మరీ పెద్దదైతే బ్యాక్ ప్రెషర్ (బయటికి వెళ్లే పొగకి ఎదురయ్యే ఒత్తిడి) పోయి పికప్ తగ్గుతుందంటారు. నిజమా? నాది టర్బో లేని కారు.

జవాబు: తగ్గడం నిజం, కారణం మాత్రం అది కాదు. బ్యాక్ ప్రెషర్ ఏ ఇంజన్‌కీ మేలు చేయదు. ఒక సిలిండర్ నుంచి వేగంగా వెళ్లే పొగ తన వెనక పీడనం తగ్గించి, మిగిలిన పొగని లాగేస్తుంది. ముఖ్యంగా హెడర్‌లో పైపు అతిగా పెద్దదైతే ఆ వేగం పడిపోతుంది, తక్కువ ఆర్‌పీఎంలో ఆ లాగుడు బలహీనపడుతుంది. హెడర్ పైపుల వ్యాసం, పొడవు ఇంజన్‌కి తగ్గట్టు ఉన్న సెట్ చూసి తీసుకోండి.