విమానం మీది యాంటెన్నాకు ఏ సిమ్యులేషన్ పద్ధతి మేలు?

బెంగళూరులో ఎంటెక్ చేస్తున్నానని, విమానం మీది యాంటెన్నా ప్రాజెక్టులో ఎఫ్‌డీటీడీ (ఫైనైట్ డిఫరెన్స్ టైమ్ డొమైన్), ఎఫ్‌ఈఎం (ఫైనైట్ ఎలిమెంట్ మెథడ్), ఎంఓఎం (మెథడ్ ఆఫ్ మొమెంట్స్) అనే సిమ్యులేషన్ పద్ధతుల్లో ఏది వాడాలని మీరు అడిగారు.

మూడూ పరిష్కరించేది విద్యుత్, అయస్కాంత క్షేత్రాల తీరు చెప్పే మాక్స్‌వెల్ సమీకరణాలనే. దేన్ని ముక్కలు చేస్తాయన్న దగ్గరే తేడా. 1966లో కేన్ యీ ప్రతిపాదించిన ఎఫ్‌డీటీడీ చుట్టూ ఉన్న ఖాళీని కూడా గళ్లుగా కోసి, కాలంలో అడుగడుగునా ముందుకెళ్తుంది. ఒక్క రన్‌లోనే బోలెడు ఫ్రీక్వెన్సీలు వచ్చేస్తాయి, అదో సుఖం. కానీ గడి తరంగదైర్ఘ్యంలో పదో వంతు మించకూడదు, 2.4 గిగాహెర్ట్జ్‌కి సుమారు 12 మిల్లీమీటర్లు. ఫ్రీక్వెన్సీ రెట్టింపైతే గళ్లు 8 రెట్లు, కాలపు అడుగులు 2 రెట్లు, అంటే పని 16 రెట్లు. విమానమంత వస్తువుకి ల్యాబ్ పీసీ చేతులెత్తేస్తుంది.

ఎంఓఎం ఖాళీ జోలికి పోదు, లోహపు ఉపరితలాన్నే ముక్కలు చేస్తుంది. మీకు ఇదే నయం. చిక్కల్లా ప్రతి ముక్కకీ మిగతా ముక్కలన్నిటితో లెక్క ఉండి మాట్రిక్స్ నిండుగా ఉండటమే: తెలియని రాశులు రెట్టింపైతే మెమరీ 4 రెట్లు కావాలి. అందుకే దూరపు ముక్కల ప్రభావాన్ని గుంపులుగా లెక్కేసి మెమరీ తగ్గించే ఫాస్ట్ మల్టీపోల్ పద్ధతి ఉన్న సాల్వర్ (లెక్క చేసే సాఫ్ట్‌వేర్) చూసుకోండి. రకరకాల పదార్థాలు, వంపులు ఉన్న చిన్న భాగాలకైతే ఎఫ్‌ఈఎం.

ఏది వాడినా, మెష్ (ఆ ముక్కల అల్లిక) ఇంకాస్త సన్నగా చేసి మళ్లీ రన్ చేయండి. రెజొనెన్స్ (యాంటెన్నా బాగా పనిచేసే ఫ్రీక్వెన్సీ) పక్కకి జరిగిపోతుంటే లెక్క ఇంకా కుదరలేదన్నమాట, ఆ గ్రాఫ్ గైడ్‌కి అప్పుడే చూపించకండి.