పాఠకుల ప్రశ్నలు: వలసను విమర్శిస్తే జాత్యహంకారమేనా?

ప్రశ్న: మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడి వన్ నేషన్ పార్టీ నాయకురాలు పాలిన్ హాన్సన్ వలసదారులకు వ్యతిరేకి అనీ, ఆవిడను చాలామంది జాత్యహంకారి అంటారనీ చెబుతుంటాడు. ఏ దేశంలోకి ఎవరిని రానివ్వాలో తేల్చుకునే హక్కు ఆ దేశస్థులకు ఉంటుంది కదా. ఆ మాట అన్నంత మాత్రాన అంత పెద్ద నింద వేయడం న్యాయమేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ హక్కు ఉంటుందనడంలో సందేహం లేదు. ఏటా ఎందరిని రానివ్వాలి, ఏ అర్హతలు చూడాలి, విద్యార్థి వీసాలకు పరిమితి పెట్టాలా వద్దా అన్నవి ఏ ప్రజాస్వామ్యంలోనైనా బాహాటంగా చర్చించుకోవలసిన విషయాలే. ఆస్ట్రేలియాకు వచ్చినవారిలోంచి వెళ్లిపోయినవారిని తీసివేస్తే తేలే నికర వలస 2022-23లో 5 లక్షలు దాటింది. అద్దె ఇళ్లకు కటకటగా ఉన్న కాలంలో ఆ సంఖ్య సామాన్యులను కలవరపెట్టడం సహజమే. 2024 జులైలో లేబర్ ప్రభుత్వం విద్యార్థి వీసా రుసుమును 710 డాలర్ల నుంచి ఒక్కసారిగా 1,600 డాలర్లకు పెంచింది. మన పిల్లలకు అది భారమే అయినా, ఫలానా జాతివారు ఇక్కడ ఇమడరన్న వాదన మీద ఆధారపడి తీసుకున్న నిర్ణయం కాదది.

హాన్సన్ మీద వచ్చిన విమర్శ ఈ లెక్కల గురించి కాదు. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని ఇప్స్‌విచ్‌లో చేపలు, చిప్స్ అమ్మే దుకాణం నడిపిన ఈమె 1996 ఎన్నికల్లో లిబరల్ పార్టీ అభ్యర్థిగా రంగంలోకి దిగారు. ఆదివాసులకు అందే ప్రభుత్వ సాయాన్ని తప్పుపడుతూ ఆమె ఒక స్థానిక పత్రికకు రాసిన లేఖ వివాదం కావడంతో పార్టీ మద్దతు ఉపసంహరించుకుంది. అప్పటికే బ్యాలట్ పత్రాలు అచ్చయిపోవడంతో పార్టీ పేరుతోనే గెలిచి, సభలో స్వతంత్ర సభ్యురాలిగా కూర్చున్నారు. ఆ ఏడాది సెప్టెంబరు 10న చేసిన తొలి ప్రసంగంలో, ఆసియావాసులు దేశాన్ని ముంచెత్తే ప్రమాదం ఉందని, వారికి వేరే సంస్కృతి, వేరే మతం ఉన్నాయని, వారు విడిగా పేటలు కట్టుకుని ఉంటారే తప్ప కలిసిపోరని అన్నారు. మరుసటి ఏడాది వన్ నేషన్ పార్టీ పుట్టింది.

ఇరవై ఏళ్ల తరవాత, 2016 సెప్టెంబరులో, సెనేట్ సభ్యురాలిగా చేసిన తొలి ప్రసంగంలోనూ ముంచెత్తే ప్రమాదం గురించే మాట్లాడారు. ఈసారి ఆసియావాసుల స్థానంలో ముస్లింలు వచ్చారు. గ్రీన్స్ పార్టీ సభ్యులు లేచి వెళ్లిపోయారు. వాక్యం మారకుండా అందులోని మనుషులు మాత్రమే మారుతున్నప్పుడు, ఆ వాక్యం ఆస్పత్రుల్లో పడకల గురించో, ఇళ్ల కొరత గురించో చెబుతున్నదని నమ్మడం కష్టం. 1996లో ఆసియావాసులు కలిసిపోరన్న జోస్యమే నిజమై ఉంటే, 2016 నాటికి ఆ భయం మరింత పెరిగి ఉండాలి కదా. ఆమె తన పాత మాటను గుర్తుచేసుకుని సమర్థించుకున్నారే గాని, ఆ జోస్యం ఏమైందో చెప్పకుండా తరవాతి వారి దగ్గరకు వెళ్లిపోయారు. నా దృష్టిలో ఆమెపై చేయదగిన విమర్శల్లో బలమైనది ఇదే.

ఆమె మాటలు ఆ దేశంలో అంతగా గుచ్చుకోవడానికి చరిత్ర కూడా కారణం. 1901 నాటి వలస నియంత్రణ చట్టం తెల్లవారు కానివారిని బయట ఉంచడానికి చేసినదే అయినా, అందులో ఆ మాట నేరుగా రాయలేదు. ఏదైనా ఒక యూరోపియన్ భాషలో 50 పదాల భాగాన్ని అధికారి చదివితే వచ్చినవారు రాసి చూపాలన్నారు. ఏ భాషలో చదవాలన్నది అధికారి ఇష్టం. 1934లో ఎగాన్ కిష్ అనే చెక్ రచయితను, ఆయన ఫాసిస్టు వ్యతిరేక రాజకీయాలు గిట్టక, ఇదే పరీక్షతో ఆపాలని చూశారు. ఆయనకు చాలా యూరోపియన్ భాషలు వచ్చు కాబట్టి వెతికి వెతికి స్కాటిష్ గేలిక్‌లో పరీక్ష పెట్టారు. ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు అది చెల్లదన్నది. 1958 దాకా ఆ పరీక్ష సాగింది. శ్వేత ఆస్ట్రేలియా విధానపు చివరి ఆనవాళ్లను 1973లో ప్రధాని గాఫ్ విట్లమ్ ప్రభుత్వం తుడిచివేసింది. రంగు పేరెత్తకుండా రంగును బట్టి మనుషులను వేరుచేసిన అనుభవం ఉన్న దేశం గనుక, సంస్కృతి అన్న మాటను అక్కడివారు కాస్త అనుమానంగానే వింటారు.

విమర్శించినవారు కూడా అన్నివేళలా సరిగా విమర్శించలేదు. ఒక టీవీ ఇంటర్వ్యూలో, మీకు విదేశీయులంటే ద్వేషమా అన్న అర్థం వచ్చే పెద్ద మాట ఒకటి వాడి అడిగితే, ఆమె అర్థం కాక ‘కాస్త వివరించండి’ అన్నారు. ఆ మాటను పట్టుకుని చదువుకున్నవారంతా నవ్వారు. చదువు లేనిదని తమను కూడా చిన్నచూపు చూస్తున్నారని ఆమె ఓటర్లు అనుకున్నారు. తరవాత్తరవాత ఆమే ఆ మాటను తన ప్రచారానికి వాడుకున్నారు. 1998 క్వీన్స్‌లాండ్ ఎన్నికల్లో వన్ నేషన్‌కు దాదాపు 23 శాతం ఓట్లు, 89 స్థానాల్లో 11 వచ్చాయి. అప్పటి ప్రధాని జాన్ హోవార్డ్, ఆ ఓట్లు ఎటు పోతాయోనన్న లెక్కతో కావచ్చు, ఆమెను నేరుగా తప్పుపట్టడానికి నెలల తరబడి వెనకాడారు. ఎగతాళి ఎంత నష్టం చేసిందో ఆ మౌనమూ అంతే చేసింది.

వీటికి భిన్నంగా, 2017 ఆగస్టులో ఆమె బురఖా వేసుకుని సెనేట్‌లోకి వచ్చినప్పుడు, లిబరల్ పార్టీకే చెందిన అటార్నీ జనరల్ జార్జ్ బ్రాండిస్ అక్కడికక్కడే లేచి, ఒక వర్గాన్ని వెక్కిరించి మూలకు నెట్టడం, వారి మతపరమైన దుస్తులను ఎగతాళి చేయడం దారుణమైన పని అన్నారు. ప్రతిపక్ష సభ్యులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన ఆమె చదువు జోలికి, యాస జోలికి పోలేదు, చేసిన పనిని మాత్రమే తప్పుపట్టారు. అయినా 2025 నవంబరులో ఆమె మళ్లీ బురఖాతో వచ్చి, సభ నుంచి ఏడు సమావేశ దినాల పాటు సస్పెండ్ అయ్యారు.

ప్రశ్న: ఒక ట్వీట్ విషయంలో కోర్టు హాన్సన్‌ను తప్పుపట్టిందని చదివాను. రాజకీయ నాయకుల మాటల మీద కోర్టులు తీర్పు చెప్పడం వాక్ స్వాతంత్య్రానికి అడ్డు కాదా?
– న్యాయశాస్త్ర విద్యార్థి, హనుమకొండ

జవాబు: 2022 సెప్టెంబరులో ఎలిజబెత్ రాణి మరణించినప్పుడు గ్రీన్స్ సెనేటర్ మెహ్రీన్ ఫరూఖీ, రాణిని ఎరిగినవారికి సానుభూతి తెలుపుతూనే, వలస పాలనలో ప్రజల ప్రాణాలను, భూమిని, సంపదను దోచుకున్న సామ్రాజ్యపు అధినేత కోసం దుఃఖించలేనని రాశారు. బదులుగా హాన్సన్, మూటాముల్లె సర్దుకుని పాకిస్తాన్‌కు పొమ్మని, పత్రికలో అచ్చువేయలేని క్రియాపదం కలిపి రాశారు. లాహోర్‌లో పుట్టిన ఫరూఖీ 1992లో ఆస్ట్రేలియా వెళ్లిన ఇంజినీరు, ఆ దేశ పౌరురాలు. నా ఇంట్లోకి ఎవరిని పిలవాలో నిర్ణయించుకునే హక్కు నాకున్నట్టే నా దేశంలోకి ఎవరు రావాలో చెప్పే హక్కూ ఉందని హాన్సన్ 1996లో అన్నారు. అతిథి విషయంలో ఆ వాదన చెల్లుతుందేమో గాని, ముప్ఫై ఏళ్లుగా కాపురం చేస్తున్న కోడలు నోరు విప్పిందని పుట్టింటికి పొమ్మనడం వేరే సంగతి.

1975 నాటి జాతివివక్ష నిషేధ చట్టంలో 1995లో చేర్చిన 18సి సెక్షన్, జాతి, రంగు, జాతీయ మూలాల కారణంగా ఒకరిని బహిరంగంగా నొప్పించడం, అవమానించడం, కించపరచడం, బెదిరించడం చట్టవిరుద్ధమంటుంది. ఆ వెంటనే ఉన్న 18డి సెక్షన్, ప్రజాప్రయోజన విషయాలపై సద్భావంతో చేసే న్యాయమైన వ్యాఖ్యకు మినహాయింపునిస్తుంది. 2024 నవంబరులో తీర్పు చెప్పిన ఫెడరల్ కోర్టు న్యాయమూర్తి ఆంగస్ స్టూవర్ట్, ఫరూఖీ లేవనెత్తిన విషయానికి ఆ ట్వీట్‌లో జవాబన్నదే లేదని, అది వ్యక్తి మీద కోపంతో చేసిన దాడి మాత్రమేనని, అందువల్ల మినహాయింపు వర్తించదని అన్నారు. ట్వీట్ తొలగించాలని, ఖర్చులు చెల్లించాలని ఆదేశించారు. హాన్సన్ అప్పీలుకు వెళ్లారు. సామ్రాజ్యాన్ని సమర్థిస్తూ ఆమె ఎంత ఘాటుగా రాసినా ఆ మినహాయింపు నీడ ఆమెకు దొరికి ఉండేదని నా అభిప్రాయం. 18సిలో ‘నొప్పించడం’ అన్నది మరీ విశాలమైన మాట అన్న వాదన అక్కడి న్యాయవాదుల్లోనే ఉంది, అది కొట్టిపారేయదగినది కాదు. కానీ ఇది క్రిమినల్ కేసు కాదని, జైలు ప్రసక్తి లేదని గమనించాలి.

ప్రశ్న: ఈ గొడవలు భారతీయుల దాకా వచ్చాయా? అవమానం జరిగితే మన పిల్లలు ఏం చేయవచ్చు?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: వచ్చాయి. 2025 ఆగస్టు 31న పలు నగరాల్లో జరిగిన వలస వ్యతిరేక ప్రదర్శనల ప్రచార కరపత్రాల్లో భారతీయులను ప్రత్యేకంగా పేర్కొన్నారు. కొద్ది రోజులకే లిబరల్ సెనేటర్ జసింటా ప్రైస్, లేబర్ ప్రభుత్వం తనకు ఓట్లు పడతాయని భారతీయులను రానిస్తున్నదన్న అర్థంలో మాట్లాడారు. ప్రైస్ స్వయంగా ఆదివాసీ మూలాలున్న సభ్యురాలు. ఆమెను అప్పటి ప్రతిపక్ష నాయకురాలు సుసాన్ లే సభలో పార్టీ ముఖ్య బాధ్యతల నుంచి తప్పించి, భారతీయ సమాజానికి క్షమాపణ చెప్పారు.

బహిరంగంగా ఇటువంటి అవమానం జరిగితే ఆస్ట్రేలియా మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. పౌరసత్వం లేకపోయినా చేయవచ్చు, రుసుము లేదు. తేదీ, స్థలం, చూసినవారి వివరాలు, సందేశమైతే దాని స్క్రీన్‌షాట్ వెంటనే భద్రపరచుకోవాలి. కమిషన్ ముందు రాజీకి ప్రయత్నిస్తుంది. అది కుదరకపోతే ఫెడరల్ కోర్టుకు వెళ్లవచ్చు. ఫరూఖీ కూడా మొదట కమిషన్‌కే ఫిర్యాదు చేశారు. కోర్టులో ఓడినా ఎదుటివారి ఖర్చులు సాధారణంగా మీద పడవు గాని, కొన్ని సందర్భాల్లో పడవచ్చు గనుక, ఆ మెట్టు ఎక్కే ముందు న్యాయవాదిని సంప్రదించడం మంచిది.