రెండో పేజీలో సేనాపతి

చిరంజీవికి ఆశీస్సులు.

గాయం దగ్గరికి తెల్లకణాలు ఎలా చేరతాయో నువ్వు రాసిన వ్యాసం అందింది. మీ తాతయ్య మడమలో తుమ్మ ముల్లు విరిగి, మూడోనాటికి చీము పట్టిన పేరా బాగుంది. ఇక మిగతా సంగతి.

రెండో పేజీలో "మెదడు నుంచి ఆజ్ఞ వెలువడగానే తెల్లకణాల సైన్యం సేనాపతి వెంట కదనరంగానికి కదిలింది" అని రాశావు. అక్కడే కాగితాలు పక్కన పడేసి లేచాను. ఎవరిచ్చారమ్మా ఆ ఆజ్ఞ? 1882లో ఇటలీలోని మెస్సీనాలో జంతుశాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోవ్ చేసి చూసింది కూడా ముల్లుతోనే. లోపలంతా కనబడే నక్షత్రచేప డింభకాల్లో గులాబీ ముళ్లు గుచ్చి, మర్నాడు పొద్దున చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. నక్షత్రచేపకు మెదడే లేదు! అది చాలదంటే ఇంకొకటి విను. తెల్లకణాల నుంచి విడిపోయిన ముక్కలు, కేంద్రకం కూడా లేనివి, రసాయనం ఉన్న వైపు పాకుతాయని 1975లోనే చూపించారు. మెదడు మాట అలా ఉంచు, పాకడానికి సొంత కేంద్రకం అనుమతి కూడా అక్కర్లేదు.

నేను ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నది ఇదే. ఒంట్లో జరిగేదాన్ని మేడ మీద నిలబడి రాయకు, కణం పక్కన చతికిలబడి రాయి. దానికి ముల్లు తెలియదు, మడమ తెలియదు, తాతయ్య అసలే తెలియదు. ఒక రసాయనం ఈ పక్క కన్నా ఆ పక్క కాస్త ఎక్కువ తగులుతోందన్నదే దానికి అందే కబురు. కాస్త అంటే ఎంత? గాయం దగ్గరికి ముందుగా చేరే తెల్లకణం న్యూట్రోఫిల్. దాని పొడవు సుమారు మిల్లీమీటరులో నూరో వంతు. ఈ కొసకూ ఆ కొసకూ గాఢతలో 1, 2 శాతం తేడా ఉంటే చాలు, ఎక్కువున్న వైపు సాగుతుంది.

మరి ఆ రసాయనం ఏమిటి? 'ప్రమాద సంకేతాలు' అని రెండు ముక్కల్లో దాటేశావు. కథంతా అక్కడే ఉంది. బ్యాక్టీరియా తన ప్రోటీన్లను ఫార్మైల్ మెథియోనిన్ అనే అమైనో ఆమ్లంతో మొదలుపెడుతుంది. ఆ మొదళ్ల తునకలను పట్టే గ్రాహకాలు న్యూట్రోఫిల్ పైపొర మీద ఉంటాయి. మన కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా కూడా ఒకప్పటి బ్యాక్టీరియా సంతతే కనుక అవి సొంతంగా చేసుకునే ప్రోటీన్లదీ అదే మొదలు. ముల్లు చిదిమిన కణాల నుంచి అవీ బయటపడతాయి. క్రిమి ఒక్కటీ చేరని దెబ్బ దగ్గరికి కూడా న్యూట్రోఫిల్స్ రావడానికి ఇదొక కారణం.

నెత్తురు వడిలో కొట్టుకుపోయే కణం ఎక్కడ దిగాలి? గాయం దగ్గరి సన్నని సిరల లోపలి గోడ మీదికి సెలెక్టిన్లనే జిగురు ప్రోటీన్లు వస్తాయి. కణం వాటికి తగులుకుంటూ, విడిపోతూ దొర్లుతుంది. గోడను అంటిపెట్టుకున్న ఇంటర్‌ల్యూకిన్-8 అనే పిలుపు రసాయనం తగలగానే కణం మీది ఇంటెగ్రిన్లనే ప్రోటీన్లు పట్టు బిగిస్తాయి. ఆగి, గోడ కణాల సందులోంచి బయటికి దూరుతుంది. బయట ఒకవైపు ఇంటర్‌ల్యూకిన్-8, ఇంకోవైపు బ్యాక్టీరియా తునకలు ఉంటే తునకల వైపే మొగ్గుతుంది. ముందు చేరినవి ల్యూకోట్రయిన్ బి4 అనే ఇంకో పిలుపు రసాయనం వదిలి వెనక వాటిని రప్పిస్తాయి. పుట్టుకతోనే ఆ ఇంటెగ్రిన్లు లోపించిన పిల్లలు ఉంటారు. రక్తం నిండా తెల్లకణాలే, గాయంలో మాత్రం చీము చుక్క ఉండదు. వారాలు గడిచినా బొడ్డు ఊడదు. నీ సైన్యం భాషలో ఆ పిల్లల గురించి ఏమని రాస్తావు? వాళ్ల సైనికులు పిరికివాళ్లనా?

గాఢతలో తేడా గురించి నేను రాసిన మొదటి వ్యాసంలో సరిగ్గా ఆ పేరానే కోసేశాడు ఒక సంపాదకుడు. "ఇది చదివితే పాఠకుడు పేజీ తిప్పేస్తాడండీ" అన్నాడు. పైగా శిరస్త్రాణం పెట్టుకుని కత్తి దూసిన తెల్లకణం బొమ్మ వేయించాడు. పారితోషికం ఎగ్గొట్టిన సంగతి వేరే. ఆ వ్యాసం కోసం ఒక వైద్య కళాశాల గ్రంథాలయంలో నిలువుకాళ్ల మీద పుస్తకాలు ఎత్తిరాసుకున్నాను, బయటివాళ్లకు అరువివ్వరు కదా. అక్కడ పాథాలజీ చెప్పే ఒకాయన జాలిపడి, గాజుపలక మీద నెత్తురు చుక్క వేసి మైక్రోస్కోప్‌లో చూపించాడు. ఎర్రకణాల నడుమ ఒక న్యూట్రోఫిల్. ముందువైపు పల్చని అంచు చీర కుచ్చిళ్లలా రెపరెపలాడుతూ సాగుతోంది, లోపలి రేణువులు దాని వెనకే పొర్లుకుంటూ వస్తున్నాయి, తోక గాజుకు అంటుకుని కాసేపు సాగి చటుక్కున పట్టు వదిలింది. మెడ పట్టేసేదాకా చూశాను. వీరత్వం ఏ మూలా కనబడలేదు.

ఇప్పుడు కత్తి బొమ్మలు పోయి 'రోగనిరోధక శక్తిని పెంచే పది పదార్థాలు' వచ్చాయి. నీ చివరి పేజీలో పసుపు పాలు చూశాను. ఎందుకు పెట్టావో తెలుసు. తీసెయ్యి.

ఏ పత్రికకు పంపాలి, ముందుమాట రాస్తారా అని అడిగావు. తర్వాత చూద్దాం. 1950లలో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ రోజర్స్ తీసిన చిన్న దృశ్యం ఒకటుంది, నీ ఫోనులోనే దొరుకుతుంది. ఎర్రకణాలను తోసుకుంటూ ఒక న్యూట్రోఫిల్ స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా వెంట పడుతుంది. మలుపు తిరిగిన ప్రతిచోటా ఆపి, కొత్త అంచు ఎటు పుట్టిందో చూడు. ఆ తర్వాత రెండో పేజీ మళ్లీ రాసి పంపు. కాగితానికి ఒకవైపే రాయి, అంచున చోటు వదులు. అక్షరాలు కాస్త పెద్దవిగా ఉండాలి, ఈసారి భూతద్దం పట్టుకుని చదవాల్సి వచ్చింది.