కణం తన చుట్టూ ఉన్న రసాయనాల్ని ఎలా కనిపెడుతుందో రాసేవాడికి

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. భాష హాయిగా ఉంది, పాఠ్యపుస్తకం వాసన లేదు, చాలా సంతోషం. కానీ "కణం తన ఒంటిమీద ఉన్న రిసెప్టర్లతో (అణువుల్ని పట్టుకునే ప్రొటీన్లతో) రసాయనాలను కచ్చితంగా గుర్తిస్తుంది" అని ఒక్క వాక్యం రాసేసి తర్వాతి పేరాకి వెళ్లిపోయావు. నీ వ్యాసం అసలు మొదలవ్వాల్సింది అక్కడే.

ఈ.కోలి బాక్టీరియానే తీసుకో. పొడవు ఓ రెండు మైక్రాన్లు, మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. చుట్టూ నీళ్లలో ఆహార రసాయనం ఒక నానోమోలార్ (లీటరుకి మోల్‌లో వంద కోట్లో వంతు) గాఢతలో ఉందనుకో, ఘన మైక్రాను నీటికి, అంటే సుమారుగా దాని ఒళ్లంత జాగాకి, సగటున 0.6 అణువు వస్తుంది. ఒక్కటి కూడా నిండా లేదు! అవొగాడ్రో సంఖ్య తెలిస్తే చాలు, ఈ లెక్క నువ్వే కాగితం మీద వేసి చూసుకో, వేశాకే రాయి. అణువులు ఎటు పడితే అటు తిరుగుతుంటాయి కాబట్టి ఒక క్షణం రెండు తగులుతాయి, మరుక్షణం ఒక్కటీ ఉండదు. రిసెప్టర్ ఎంత గొప్పదైనా ఈ నాయిస్ తప్పదు. పాఠకుడికి ముందు ఈ ఇబ్బంది తెలియాలి, లేకపోతే తర్వాత నువ్వు ఏం చెప్పినా "ఓహో, అలాగా" అని ఊరుకుంటాడు.

మరి కణం ఏం చేస్తుంది? లెక్కపెడుతుంది. 100 అణువుల్ని లెక్కపెడితే అటూ ఇటూ దాని వర్గమూలమంత, ఓ 10 తేడా వస్తుంది, అంటే 10 శాతం. తప్పు 1 శాతానికి దిగాలంటే 10,000 లెక్కపెట్టాలి. పైగా కొత్తవి లెక్కపెట్టాలి. గుంటూరు వాడివి, మిర్చి యార్డు గురించి నీకు నేను చెప్పక్కర్లేదు: కొనేవాడు టిక్కీలోంచి, అంటే బస్తాలోంచి, పిడికెడు కాయ తీసి చూస్తాడు, ఆ పిడికెడే మళ్లీ మళ్లీ తిరగేస్తే లాటు గురించి కొత్తగా ఏం తెలియదు, ఇంకో టిక్కీలో చెయ్యి పెట్టాల్సిందే. రిసెప్టర్లూ అంతే, ఇప్పుడే వదిలిన అణువు మళ్లీ వచ్చి తగిలితే అది కొత్త సమాచారం కాదు, అది దూరంగా పోయి వేరేది రావాలి.

హోవర్డ్ బెర్గ్, ఎడ్వర్డ్ పర్సెల్ అనే శాస్త్రవేత్తలు 1977లో తేల్చిన సంగతి ఇదే. దాన్ని నువ్వు ఒక్క లైన్లో దాటేశావు, నాకు చాలా బాధేసింది. వాళ్ల లెక్కలో నాకు బాగా నచ్చింది ఇంకొకటుంది. మైక్రాను వ్యాసార్థం ఉన్న కణం మీద నానోమీటరు సైజు రిసెప్టర్లు ఓ 3,000 చల్లితే చాలు, ఒళ్లంతా రిసెప్టరే అయినప్పుడు పట్టేదాంట్లో సగం పట్టేస్తుంది, అదీ ఉపరితలంలో వెయ్యో వంతు కూడా నిండకుండానే. ఎందుకంటే కణం దాకా వచ్చిన అణువు ఒక్కసారి తగిలి వెళ్లిపోదు, అక్కడక్కడే తచ్చాడుతూ చాలాసార్లు తగులుతుంది. మిగిలిన జాగా వేరే పనులకి ఖాళీ. దీనికి ఒక పేరా మొత్తం ఇవ్వు.

పర్సెల్ 1952లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నవాడు. మన విజయవాడ, గుంటూరు కాలేజీల్లో బైపీసీ పిల్లలు ఈ లెక్కల జోలికి రారు, ఎంపీసీ పిల్లలు బాక్టీరియా మొహం చూడరు. ఇది ఇద్దరిదీ. వర్గమూలం కనపడితే పాఠకుడు పారిపోతాడని టెన్షన్ పడకు, నెమ్మదిగా చెబితే అందరూ వింటారు.

ఎక్కువసేపు లెక్కపెడితే సరిపోదా అని ఎవరైనా అడుగుతారు. కుదరదు. నీటి అణువుల తాకిడికి కొన్ని సెకన్లలోనే బాక్టీరియా మొహం వేరే వైపు తిరిగిపోతుంది, ఇక పాత లెక్క పనికిరాదు. అందుకే అది దాదాపు గత ఒక సెకను లెక్కని అంతకు ముందు మూడు సెకన్ల లెక్కతో పోల్చుకుంటుంది, పెరుగుతుంటే అదే దారిన ఇంకాస్త ఈదుతుంది, లేదంటే త్వరగా గిరగిరా దొర్లి దిక్కు మార్చుకుంటుంది.

చివరగా, రిసెప్టర్ తాళం, అణువు తాళంచెవి అన్న నీ ఉపమానం తీసెయ్. తాళంచెవి మనం తీసేదాకా ఉంటుంది, అణువు దానంతటదే ఊడిపోతుంది. ఎంతసేపు అంటుకుని ఉందన్నది దానికీ రిసెప్టర్‌కీ మధ్య పట్టుని బట్టి ఉంటుంది, బయట గాఢత గురించి అది ఏమీ చెప్పదు. చెప్పేదల్లా రిసెప్టర్ ఖాళీగా ఉన్న సమయమే: బయట అణువులు ఎక్కువుంటే ఎదురుచూపు తక్కువ. ఎండ్రెస్, వింగ్రీన్ అనే శాస్త్రవేత్తలు 2009లో చూపించింది ఇదే, ఖాళీ సమయాల్నే వాడుకుంటే బెర్గ్, పర్సెల్ చెప్పిన వేరియన్స్ (తప్పు వర్గాల సగటు) సగానికి తగ్గుతుంది. అయితే కణాలన్నీ ఇలాగే చేస్తాయని మాత్రం రాసేయకు, అది సిద్ధాంతం చూపించిన హద్దు. ఈ ముక్కని 1977 లెక్క పక్కనే పెట్టి, ఆ రెండు పేరాలు ముందు రాసి పంపు. మిగతావి తర్వాత చూద్దాం.

నీ అన్నయ్య
విజయవాడ