వచ్చిన పనులు మరిచిపోతున్నాడంటే ముందు చెవులు, థైరాయిడ్ చూపించండి

ప్రశ్న: మా బాబుకి 14 ఏళ్లు. ఎనిమిదో ఏట పరీక్ష చేసి ఐక్యూ 58, మైల్డ్ మేధో వైకల్యం అన్నారు. బట్టలు తనే వేసుకునేవాడు, కింద షాపుకెళ్లి పెరుగు ప్యాకెట్ తెచ్చేవాడు. ఐదు నెలలుగా మాట తగ్గింది. పిలిస్తే ఒక్కోసారి పలకడు, క్లాసులో నిద్రపోతున్నాడు, బరువు పెరిగాడు. బొత్తాలు కూడా నేనే పెట్టాలి. రెండేళ్ల క్రితం కోపానికని డాక్టర్ రాసిన రిస్పెరిడోన్‌ని ఆ చీటీతోనే తెచ్చి వేస్తున్నాం, జ్ఞాపకశక్తి సిరప్ కూడా పడుతున్నాం. కొత్తవాళ్లు కనిపిస్తే వెళ్లి కావలించుకుంటాడు. ఐక్యూ పెంచే మందు ఉందా? నలుగురిలో మెలగడం ఎలా నేర్పాలి?
– ఒక తల్లి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ఐక్యూ పెంచే మందు లేదమ్మా. ఆ సిరప్ సీసా డాక్టర్‌కి చూపించి ఆపేయండి.

నాకు ఆందోళన కలిగించింది వేరే. మేధో వైకల్యం ఉన్న పిల్లలు నెమ్మదిగా నేర్చుకుంటారు. అంతేగానీ, వచ్చిన పనులు ఐదు నెలల్లో పోవడం ఆ వైకల్యం వల్ల జరగదు. ‘వాడి తీరే అంత’ అని ఇన్నాళ్లు ఊరుకోవాల్సింది కాదు. ఉత్తరం చూసి జబ్బు తేల్చలేను కానీ వెతకాల్సినవి చెబుతాను. పిలిస్తే పలకడం లేదంటే ముందు ఈఎన్‌టీ దగ్గర చెవులు: గుబిలి, కర్ణభేరి వెనక నీరు, వినికిడి పరీక్ష. తర్వాత కంటి చూపు. రక్తంలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, బి12, పరగడుపు షుగర్. రాత్రి గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టుంటే అదీ చెప్పండి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో థైరాయిడ్, గురక సమస్యలు మరీ ఎక్కువ. కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఉండిపోతుంటే ఫోన్లో వీడియో తీయండి, అది ఫిట్స్ కావచ్చు. స్కూల్లో ఎవరైనా ఏడిపిస్తున్నారా, తాకకూడని చోట తాకుతున్నారా అన్నదీ మెల్లగా కనుక్కోవాలి. పంటి నొప్పి, మలబద్ధకం లాంటివి కూడా ఈ పిల్లలు నోటితో చెప్పరు, ప్రవర్తనలోనే కనిపిస్తాయి.

ఇక ఆ మాత్ర. రిస్పెరిడోన్ చీటీ లేకుండా అమ్మకూడని మందు. రెండేళ్ల నాటి చీటీ మీద ఇచ్చిన షాపుదెంత తప్పో, అడిగిన మీదీ అంతే. ఆ చీటీ రాసిన రోజు అతనికి పన్నెండేళ్లు. ఇప్పుడు బరువు వేరు, ఒళ్లు వేరు. ఈ మందుతో ఆకలి, బరువు, మగత పెరుగుతాయి. షుగర్, కొలెస్ట్రాల్ మారొచ్చు. ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరిగి మగపిల్లలకైనా రొమ్ము ఉబ్బొచ్చు. చేతులు బిగుసుకుని కదలిక మందగించినా, వణికినా బొత్తాలు పెట్టడం కష్టమే. మీ అబ్బాయి నిద్ర, బరువు, బొత్తాలు మూడూ దీనివల్లే కావచ్చు, కాకపోనూవచ్చు. అలాగని రేపే ఆపేయకండి. ఉన్నట్టుండి మానేస్తే కోపం, నిద్రలేమి తిరగబడతాయి. అసలు అవసరమో కాదో చూసి మెల్లగా తగ్గించడం సైకియాట్రిస్టు పని. జలుబుకని మగతొచ్చే మందులు మీ అంతట మీరు కలపొద్దు. తీవ్ర జ్వరంతో ఒళ్లు బిగుసుకున్నా, ఫిట్స్ ఐదు నిమిషాలు దాటినా నేరుగా క్యాజువాలిటీకి వెళ్లండి.

ఐక్యూ 58 అన్న అంకె మీద ఎక్కువ ఆధారపడకండి. 50–69 మధ్య మైల్డ్ అంటాం. పరీక్షలో నాలుగైదు పాయింట్లు అటూ ఇటూ అవడం మామూలే. అదే అంకె ఉన్న ఇద్దరిలో ఒకరు బస్సెక్కి పనికెళ్లొస్తారు, ఇంకొకరు గడప దాటరు. ఆ తేడా చెప్పేది వైన్‌ల్యాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేల్: తినడం, బట్టలు, మాట, నలుగురితో మెలగడం వంటి ఎనిమిది రంగాల్లో తల్లిదండ్రులను అడిగి వేసే లెక్క. అక్కడ ‘చేయగలడు’ అని చెప్పకండి, రోజూ చేస్తున్నదే చెప్పండి. తిరిగి పరీక్షించేటప్పుడు తెలుగు వచ్చిన సైకాలజిస్టును అడగండి. కన్నడంలోనో ఇంగ్లీషులోనో అడిగితే తెలివి కన్నా భాషే తక్కువగా తేలుతుంది. ఇంట్లో తెలుగు మానేయాల్సిన పని లేదు.

నేర్పడం గురించి. ఆరోగ్యం కుదుటపడ్డాక పాతవాటితోనే మొదలుపెట్టండి. పెరుగు తేవడాన్ని ఆరు ముక్కలు చేయండి: సంచి, డబ్బు, మెట్లు, అడగడం, ఇవ్వడం, తేవడం. మొదటి ఐదూ మీరు చేసి చివరిది అతనికి వదలండి. పదిసార్లలో ఎనిమిదిసార్లు సరిగ్గా వస్తే దాని ముందుది కలపండి. ఒకసారి చెప్పాక మనసులో పది లెక్కపెట్టి ఆగండి. వెంటవెంటనే మళ్లీ చెబితే మొదటి మాటే చెదిరిపోతుంది. ‘అర్థమైందా?’ అని అడగొద్దు, తల ఊపేస్తాడు. ‘చేసి చూపించు’ అనండి. ఇంట్లో బొమ్మ నోట్లతో నేర్చింది షాపులో పనికిరాదు, నిజమైన షాపులోనే నేర్పాలి. ఫోన్ స్కాన్ చేసి కట్టేయడం మనకు సులువే గానీ, చిల్లర తెలిసే దారి వీళ్లకు మూసుకుపోతోంది. కాబట్టి నోటే ఇచ్చి పంపండి.

కావలింత 14 ఏళ్లకు ముద్దు కాదు, అతనికే ప్రమాదం. అమ్మ, నాన్న, నాయనమ్మ ఫొటోలు ఒక కార్డు మీద అంటించండి. వాళ్లకే కావలింత, తక్కిన అందరికీ నమస్కారం. ఇంట్లోవాళ్లు, పక్కింటివాళ్లు అందరూ ఇదే పాటించాలి. ఒక్క మావయ్య ‘పోనీలే’ అంటే నెల శ్రమ వృథా.

ముందు దగ్గర్లోని పిల్లల డాక్టర్‌కి చూపించండి, ఈ వారంలోనే. తర్వాత హోసూరు రోడ్డులోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో పిల్లల సైకియాట్రీ ఓపీ ఉంది. చెన్నై పాఠకులకైతే ముట్టుకాడులోని ఎన్ఐఈపీఎండీ (బహుళ వైకల్యాలున్నవారి కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ). మేధో వైకల్యం లాంటివి ఉన్నవారి కోసం కేంద్రం పెట్టిన నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాలో లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, యూడీఐడీ (వైకల్య గుర్తింపు) కార్డు లేకపోతే దానికీ దరఖాస్తు చేయండి. వెళ్లేటప్పుడు పాత ఐక్యూ రిపోర్టు, ఆ చీటీ, మాత్రల స్ట్రిప్పు, సిరప్ సీసా, ఏ పని ఏ నెలలో మానేశాడో రాసిన కాగితం పట్టుకెళ్లండి.