హెచ్చరిక శబ్దంగా మన ఇంటి గంట

ప్రశ్న: విండోస్ 11 కంప్యూటర్‌లో హెచ్చరిక వచ్చినప్పుడు మోగే శబ్దానికి బదులుగా మా ఇంటి పూజగంట శబ్దాన్ని పెట్టుకోవాలని ఫోన్‌లో రికార్డు చేశాను. కానీ ఎంచుకోబోతే ఆ ఫైలు కనిపించడమే లేదు. కారణమేమిటి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఫోన్లు సాధారణంగా శబ్దాన్ని ఎం4ఎ వంటి రూపాల్లో భద్రపరుస్తాయి, విండోస్ హెచ్చరికలకు మాత్రం వేవ్ (.wav) ఫైలే కావాలి. ఉచితంగా లభించే ఆడాసిటీ అనే శబ్ద సవరణ సాఫ్ట్‌వేర్‌లో మీ రికార్డింగును తెరిచి (ఎం4ఎ తెరవాలంటే దానికి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత అనుబంధాన్ని కూడా జోడించాలి), గంట కొట్టిన క్షణం నుంచి ఒకటి రెండు సెకన్లు మాత్రమే ఉంచి, చివర మోత క్రమంగా తగ్గేలా చేసి, వేవ్‌గా ఎగుమతి చేయండి. పూజగంట నాదం చాలాసేపు సాగుతుంది కనుక, కత్తిరించకపోతే రోజుకు పదిసార్లు వినేసరికి విసుగు పుడుతుంది.

తరువాత సెట్టింగ్స్‌లో సిస్టమ్, సౌండ్, మోర్ సౌండ్ సెట్టింగ్స్ అనే వరుసలో వెళ్లి, సౌండ్స్ ట్యాబ్‌లో మీకు కావలసిన సందర్భాన్ని, ఉదాహరణకు ఎక్స్‌క్లమేషన్‌ను, ఎంచుకుని, బ్రౌజ్ నొక్కి ఫైలును చూపించి, అప్లై చేయండి. ఫైలును డౌన్‌లోడ్స్‌లో వదిలేయవద్దు. ఎప్పుడైనా తుడిచేస్తే గంట మూగబోతుంది. కంప్యూటర్ మొదలయ్యేటప్పటి శబ్దాన్ని మాత్రం ఇక్కడ మార్చలేరు, ఆపగలరంతే.

ఆపిల్ కంపెనీ మాక్ కంప్యూటర్లలో 1991లో వచ్చిన ‘సోసుమి’ అనే హెచ్చరిక శబ్దం పేరు వెనుక కొంటెతనం ఉంది: బీటిల్స్ సంగీత బృందం సంస్థతో ఆపిల్‌కు వ్యాజ్యం నడుస్తున్న రోజుల్లో, ‘కావాలంటే నా మీద దావా వేయండి’ అనే అర్థమిచ్చే ‘సో స్యూ మీ’ అనే ఆంగ్ల మాటలనే ఆపిల్‌లో ఆ శబ్దాన్ని రూపొందించిన జిమ్ రీక్స్ అలా పేరుగా మార్చారు.