ఫాంటసీ కవితలూ, సొంత జీవితం కవితలూ ఒకే సంపుటిలో వేయొచ్చా?

ప్రశ్న అడిగినవారు రెండు రకాలూ రాస్తారట. కలిపి వేస్తే పాఠకులు గందరగోళపడతారేమో, విడిగా రెండు పుస్తకాలు వేయాలేమో అని టెన్షన్ పడుతున్నారు.

కలిపే వేయండి. విడదీయమని సలహా ఇచ్చేవాళ్లు మీ కవితలు చదవకుండానే ఇస్తున్నారని నా గట్టి నమ్మకం. ఫాంటసీ అంటే కల్పన, సొంత కవిత అంటే నిజం అని వాళ్ల లెక్క. నాకైతే ఎప్పుడూ తిరగబడింది. 'నేను' అని మొదలుపెట్టగానే మంచిదాన్ననిపించుకోవాలనే యావ పట్టుకుంటుంది. రాక్షసి గొంతుతో రాసేటప్పుడు ఆ బాధ లేదు, ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

అమ్మ జబ్బు పడినప్పుడు మా అక్కకీ నాకూ మాటామాటా వచ్చింది. ఎవరు ఎక్కువ చేశారు, ఎవరు తప్పించుకున్నారు అనే లెక్కలు. దాని మీద నేరుగా ఒక కవిత రాశాను. ఆసుపత్రి కుర్చీ, మందుల చీటీ, అర్ధరాత్రి ఫోన్లు అన్నీ పెట్టాను. చదువుకుంటే ఫిర్యాదు కాగితంలా ఉంది. ప్రతి చరణంలోనూ నేనే గెలుస్తున్నాను. తీసి పక్కన పడేశాను.

తర్వాతెప్పుడో గ్రీకు పురాణాల్లోని గ్రాయియే గురించి చదివాను. ముగ్గురు ముసలి అక్కచెల్లెళ్లు, అందరికీ కలిపి ఒకటే కన్ను, ఒకటే పన్ను. వంతులేసుకుని వాడుకుంటారు. కన్ను చేతులు మారే సమయం చూసి పెర్సియస్ అనే వీరుడు దాన్ని కాజేస్తాడు. నేను వీరుణ్ణి తీసేశాను, ముగ్గుర్ని ఇద్దరు చేశాను. కన్ను చెల్లెలి దగ్గర ఉంది. అక్క అరచెయ్యి చాపి నిలబడింది. 'ఇంకొంచెం చూడనీ' అంటుంది చెల్లెలు. అంతే కవిత. అమ్మ ఊసే లేదు.

పత్రికలో వచ్చిన రోజు సాయంత్రం అక్క ఫోన్ చేసింది. హలో కూడా లేదు. 'ఏమే, ఆ కన్ను ఇంకా నీ దగ్గరే ఉందా?' అంది. 'ఉంది, వచ్చి పట్టుకుపో' అన్నాను. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు కానీ చాలాసేపు మాట్లాడుకున్నాం. అదే కవిత చూసిన ఒక విమర్శకుడు మాత్రం 'ఊహ బాగుంది, జీవితం లోపించింది' అని తేల్చేశాడు.

పుస్తకం దగ్గరికొచ్చేసరికి ప్రచురణకర్త సంపుటిని రెండు భాగాలు చేద్దామన్నారు, ఒకటి మాయాలోకం, ఇంకొకటి మనలోకం. అలా చేస్తే అమ్మ కళ్లజోడు మీద రాసిన కవిత ఒక చివర, కన్ను కవిత ఇంకో చివర పడతాయి. ఎదురెదురు పేజీల్లో ఉంటే తప్ప కుదరదని మొండికేశాను. 19వ శతాబ్దపు అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్సన్‌కి ఆ అవకాశం కూడా లేకపోయింది. దాదాపు 1,800 కవితలు రాసి, బతికుండగా ఓ పది మాత్రం అచ్చులో చూసుకుంది. తను స్వయంగా కాగితాలు కుట్టి చిన్న చిన్న పుస్తకాలు చేసుకుంటే, పోయాక 1890లో వేసిన సంపుటిలో వాటి వరస చెదరగొట్టి జీవితం, ప్రేమ, ప్రకృతి, కాలం అంటూ భాగాలు పెట్టారు. విరామచిహ్నాలూ, కొన్నిచోట్ల మాటలూ కూడా మార్చారు. ఆ కుట్టిన పుస్తకాల వరస మళ్లీ పాఠకుల చేతికి రావడానికి 1981 దాకా పట్టింది. ఎడిటర్లకి గదులు కట్టడం సరదా, అందులో కాపురం చేసేది మాత్రం కవితలు.

ఇంకో మాట తరచూ వింటుంటాను, 'ఫాంటసీ మన కవిత్వానికి నప్పదండీ' అని. 16వ శతాబ్దంలోనే పింగళి సూరన పురాణకథ అరువు తెచ్చుకోకుండా, సొంతంగా అల్లిన అద్భుతాల కథతో కళాపూర్ణోదయం రాశాడు. అందులో మాయలూ ఉన్నాయి, మనసులూ ఉన్నాయి. ఎవరూ రెండు పుస్తకాలుగా చింపలేదు. ఇంగ్లీషులోనూ రాసేవాళ్లయితే, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ కవిత్వానికే 1978లో మొదలైన అంతర్జాతీయ సంఘం ఒకటుంది. ఏటా రిస్లింగ్ అవార్డులు ఇస్తుంది. కాబట్టి పాఠకులు లేరన్న మాట నమ్మకండి.

మీరు గందరగోళం గురించి అడిగారు కదా, అసలు గందరగోళం డీటీపీలో, అంటే పుస్తకం పేజీలు కంప్యూటర్లో కూర్చే దగ్గర ఉంటుంది. యూనికోడ్‌లో ఇచ్చిన కవితల్ని వాళ్ల ఫాంట్‌లోకి మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోతాయి. పొడుగు పాదం పేజీలో పట్టక చివరి మాట కింద పడితే, అది కొత్త పాదమనుకుని చదివేస్తారు. పేజీ వెడల్పు ముందే అడగండి, ప్రూఫులు కాగితం మీదే దిద్దండి. సంపుటికి ముందు పత్రికలకి పంపే ఉద్దేశం ఉంటే కవితల్ని ఫేస్‌బుక్‌లో పెట్టకండి, చాలా పత్రికలు దాన్నీ ప్రచురణ కిందే లెక్కేస్తాయి. నాలుగు లైకుల కోసం మంచి కవిత ఒకటి అలాగే పోగొట్టుకున్న మిత్రురాలు నాకుంది, ఇప్పటికీ ఆ ఎడిటర్‌నే తిడుతుంది.